యుద్ధం వీడియోలు చూసే కూతురు స్థిరపడుతుందా?

నర్సంపేట నుంచి ఒక తండ్రి రాశారు: హనుమకొండలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్న కూతురు ప్లేస్‌మెంట్ల మాట ఎత్తకుండా, అర్ధరాత్రి దాకా ఉక్రెయిన్ యుద్ధం వీడియోలు ముందేసుకుని అవి ఎక్కడ తీసినవో వెతుకుతోందట. ఇలా అందరికీ అందుబాటులో ఉన్న ఫొటోలు, వీడియోలు, సమాచారంతో నిజాలు వెలికితీయడాన్ని ఓసింట్ అంటారట. అది నయమా, సైబర్ సెక్యూరిటీ నయమా అని ఆయన ప్రశ్న.

ఇలాంటి ఉత్తరాల్లో కోర్సు పేరు మారుతుంది గానీ, పిల్ల బతుకు ఏమవుతుందోనన్న దిగులు మారదు. అయ్యా, ఆమె చేస్తున్నది కాలక్షేపం కాదు. 2014 జూలై 17న తూర్పు ఉక్రెయిన్ మీదుగా వెళ్తున్న మలేసియా ప్రయాణికుల విమానం ఎంహెచ్17ను కూల్చి 298 మంది ప్రాణాలు తీసిన బుక్ క్షిపణి వాహనం ఏ దారిన వచ్చిందో, జనం ఇంటర్నెట్‌లో పెట్టిన ఫొటోల్లోని భవనాలను, రోడ్లను ఉపగ్రహ చిత్రాలతో పోల్చి బెల్లింగ్‌క్యాట్ అనే ఓసింట్ పరిశోధకుల బృందం తేల్చింది. 2017లో లిబియా కమాండర్ అల్ వెర్ఫల్లీపై అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ఇచ్చిన వారెంటుకు సోషల్ మీడియా వీడియోలు ముఖ్య ఆధారమయ్యాయి.

అయినా ఈ మోజు మీద నాకు అనుమానాలున్నాయి. నాలుగు వారాల్లో నిపుణుల్ని చేస్తామంటూ అమ్ముతున్న సర్టిఫికెట్లకు డబ్బు కట్టకండి. అందులో నేర్పే పరికరాలు రేపటికి పనిచేయకపోవచ్చు. యుద్ధ నేరాలను నమోదు చేసే కొలువులు బహు తక్కువ, అవీ చాలావరకు గ్రాంటు ఉన్నంత కాలమే. కంపెనీలు ఓసింట్ అని పిలిచేది ఎక్కువగా తమ మీద జరిగే మోసాలను పసిగట్టే పని, అది సైబర్ సెక్యూరిటీలోనే ఉంది కాబట్టి మీరడిగిన పోలిక అక్కడే సగం తేలిపోతుంది. ప్లేస్‌మెంట్ పరీక్షలు రాయమనండి, ఈ పనిని పక్కనే సాగనివ్వండి.

ల్యాప్‌టాప్ లాక్కున్నానని గొప్పగా రాశారు, అది తప్పు. ఇప్పుడు ఆమె అవే దృశ్యాలను ఫోన్లో, దుప్పటి కింద, ఒంటరిగా చూస్తుంది. ఈ రంగంలో పండినవాళ్లు సైతం శబ్దం ఆపి, చిన్న కిటికీలో, పగటిపూట చూస్తారు, ఎందుకంటే శవాలు కళ్ల వెంట ఇంటిదాకా వస్తాయి. ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చి, ఆ నియమం పెట్టండి.

మీ వాట్సాప్ గ్రూపులో ‘వరంగల్ వరద’ అని తిరిగే ఏదో ఒక వీడియో ఆమెకివ్వండి. దుకాణాల బోర్డుల మీది భాష, నీడల పొడవు, బస్సు రంగు చూసి అది ఎక్కడిదో, ఎప్పటిదో ఒక పేజీలో రాయమనండి. అసలు లింకును, చూసిన సమయాన్ని భద్రపరచమనండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదని ఇంటర్నెట్‌లో దొరికే ఆధారాలను ఎలా సేకరించి భద్రపరచాలో చెప్పే 2020 నాటి మార్గదర్శిక బర్క్‌లీ ప్రోటోకాల్ చదివితే ఆమెకే తెలుస్తుంది. ఆ పేజీ మీకు అర్థమయ్యేలా ఉంటే నాకు పంపండి.