నాటు పెట్టలకు రాని రక్తపారుడు వనరాజా పిల్లలకే ఎందుకు?

ప్రశ్న: 150 వనరాజా (పెరట్లో పెంచే మెరుగైన రకం) కోడిపిల్లలు తెచ్చి షెడ్డులో పెంచుతున్నాను. నాలుగో వారంలో రెక్కలు వేలాడేసి ముడుచుకుని కూర్చుంటున్నాయి. రెట్టలో రక్తం పడుతోంది. రెండు రోజుల్లో 11 చనిపోయాయి. షెడ్డు చుట్టూ తిరిగే మా నాటు పెట్టలకు మాత్రం ఏమీ కాలేదు. ఈ జబ్బు ఒకసారి వచ్చి తగ్గితే మళ్లీ రాదా? టీకా ఉందా?
– ఒక రైతు, నల్గొండ జిల్లా

జవాబు: లక్షణాలు, పిల్లల వయసు చూస్తే ఇది రక్తపారుడు, అంటే కాక్సిడియోసిస్‌లా ఉంది. చనిపోయిన పిల్లను వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లి కోయించండి. పేగు చివర జంటగా ఉండే గుడ్డి పేగులు ఉబ్బి, లోపల రక్తం గడ్డకట్టి కనిపిస్తే అది ఐమీరియా టెనెల్లా అనే పరాన్నజీవి పనే.

డాక్టరు అదేనని చెబితే ఆంప్రోలియం 20 శాతం పొడిని లీటరు నీటికి 1.2 గ్రాముల చొప్పున 5 రోజులు ఇవ్వండి. ఆ తర్వాత లీటరుకు 0.3 గ్రాములకు తగ్గించి మరో వారం ఇవ్వండి. జబ్బు పిల్లలు దాణా మానేసినా నీళ్లు తాగుతాయి, అందుకే మందు నీళ్లలో కలపాలి. బాగున్న పిల్లలకూ అవే నీళ్లు పెట్టండి. నీరసంగా ఉన్నాయని బి-కాంప్లెక్స్ టానిక్ మాత్రం పోయకండి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. ఈ మందు బి1 విటమిన్‌ను పోలి ఉండి, పరాన్నజీవికి ఆ విటమిన్ అందకుండా అడ్డుపడుతుంది. టానిక్ పోస్తే మందు బలం పోతుంది.

ఇక మీ పెట్టల సంగతి. అవి చిన్నప్పటి నుంచి ఆరుబయట తిరుగుతూ ఈ పరాన్నజీవి గుడ్లను కొద్దికొద్దిగా మింగుతూ పెరిగాయి. అలా రెండు మూడు దఫాలు సోకితే పేగులోని రక్షణ కణాలు శత్రువును గుర్తుపట్టి, తర్వాత వచ్చినదాన్ని ఎదగనివ్వవు. షెడ్డులో తడి ఊక మీద ఉన్న పిల్లలకు ఆ వ్యవధి దొరకదు. ఒక్కసారే లెక్కలేనన్ని గుడ్లు కడుపులోకి పోతాయి, పేగు చీరుకుపోతుంది.

కోలుకున్న పిల్లలకు మళ్లీ ఇదే రకం అంత తీవ్రంగా రాదు. అయితే కోళ్లలో ఐమీరియా ముఖ్య జాతులే 7 ఉన్నాయి. ఒకదానికి వచ్చిన రోగనిరోధక శక్తి ఇంకోదానికి పనికిరాదు. రోగనిరోధక శక్తిని దెబ్బతీసే గంబోరో అనే వైరస్ జబ్బు సోకిన మందలో ఈ శక్తి సరిగా నిలబడదు కూడా.

టీకా ఉంది. బతికున్న పరాన్నజీవినే కొద్ది మోతాదులో పిల్ల పుట్టిన తొలి రోజుల్లో ఇస్తారు. ఇప్పుడు జబ్బు పడ్డ మీ పిల్లలకు దానివల్ల లాభం లేదు. వచ్చే బ్యాచ్‌కు వేయిస్తే, ఈ పరాన్నజీవిని అణిచే (కాక్సిడియా) మందు కలిపిన దాణా పెట్టకూడదు. పెడితే టీకా వృథా.

ఇవాళే ఊకను గుప్పిట్లోకి తీసుకుని పిండి చూడండి. ముద్దలా నిలిచిందంటే తడి ఎక్కువైనట్టే. రెట్టలో పడ్డ పరాన్నజీవి గుడ్డు వెచ్చదనం, తడి ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే సోకే స్థితికి వస్తుంది. డ్రింకర్ల చుట్టూ తడిసిన ఊకను ఎత్తి పారేసి పొడిది వేయండి. డ్రింకర్లను పిల్ల వీపు ఎత్తుకు లేపండి. మామూలు ఫినాయిల్‌కు ఈ గుడ్లు చావవు, వాటిని ఎండ, పొడిదనమే చంపాలి.

పెట్టలను మాత్రం షెడ్డులోకి రానివ్వకండి. పైకి ఆరోగ్యంగా కనిపిస్తున్నా వాటి రెట్టలో ఈ గుడ్లు పడుతుంటాయి. వాటి దగ్గర తిరిగిన చెప్పులతో పిల్లల దగ్గరకు వెళ్లకండి.