హొసకోటె అవతల వైర్‌లెస్ ఇంటర్నెట్: కరెంటు తాగేది రేడియో కాదు

“బెంగళూరు శివార్లలో ఇల్లు, ఫైబర్ రాలేదు. టవర్ నుంచి ఇంటర్నెట్ సిగ్నల్ అందుకోడానికి మేడ మీద 5 గిగాహెర్ట్జ్ రేడియో పెట్టించాం. కరెంటు పోతే దీనికోసమే రాత్రంతా ఇన్వర్టర్ ఆన్‌లో ఉండాలా?” అని ఒకరు అడిగారు.

అక్కర్లేదండీ. మేడ మీది రేడియోకి సుమారు 8 వాట్లు, కింద రౌటర్‌కి మరో 8. ఇన్వర్టర్ మాత్రం ఏ లోడూ లేకున్నా 10 నుంచి 20 వాట్లు తానే తినేస్తుంది. పైగా బ్యాటరీ ఇచ్చే డీసీని ఏసీ చేసి, అడాప్టర్‌లో మళ్లీ డీసీ చేయడం!

ఇన్వర్టర్ బదులు 12 వోల్టుల, 12 ఆంపియర్-అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ చాలు. అందులో దాదాపు 150 వాట్-అవర్లు ఉంటాయి. 80 శాతమే వాడి, కన్వర్టర్ నష్టం తీసేసినా 6 గంటలు వస్తుంది. రౌటర్‌కి 12 వోల్టులు నేరుగా ఇవ్వండి (అడాప్టర్ మీద చూసుకోండి). రేడియో 24 వోల్టులదైతే వోల్టేజీ పెంచే బూస్ట్ కన్వర్టర్ పెట్టాలి.

ఎక్కువమంది దెబ్బతినేది కింది నుంచి రేడియోకి కరెంటు తీసుకెళ్లే నెట్‌వర్క్ కేబుల్ దగ్గర. అసలు రాగి తీగైతే 60 మీటర్లకు సుమారు 2 వోల్టులు పడిపోతుంది. అల్యూమినియానికి రాగి పూత పూసిన చవక రకంలో 3 దాటుతుంది, డౌన్‌లోడ్ మొదలవగానే రేడియో రీస్టార్ట్ అవ్వచ్చు. తప్పు బ్యాటరీది అనుకుంటారు!

టవర్‌కీ మీ ఇంటికీ మధ్య నీలగిరి తోపు ఉంటే రేడియో డిష్‌ని ఇంకాస్త పైకెత్తండి. ఆకులు సిగ్నల్‌ను మింగేస్తే వేగం తగ్గి, అదే ఫైలు పంపడానికి రెండు వైపుల రేడియోలూ ఎక్కువసేపు పనిచేయాలి.