టెక్ సందేహాలు: 3 కిలోవాట్లకు 15 యూనిట్లు ఎందుకు రావడం లేదు?

ఈ ఉత్తరం నాకు ఏటా జులైలో వస్తుంది. పేరు మారుతుంది, పేట మారుతుంది, గోల మాత్రం అదే. ఈసారి విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి: "మార్చిలో మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. రోజుకు 15 యూనిట్లు గ్యారంటీ అన్నారు. ఏప్రిల్‌లో 13 దాకా వచ్చాయి. ఇప్పుడు యాప్‌లో 9 దాటడం లేదు. ప్యానెళ్లు నాసిరకమా? ఇంకో 2 కిలోవాట్లు వేయించుకోమంటున్నారు. వేయించుకోమంటారా?"

వద్దు. నాసిరకం ప్యానెళ్లు కావు, ఆ 15 అనే అంకె. 3 కిలోవాట్లు అనేది ల్యాబ్‌లో కొలిచిన లెక్క. ప్యానెల్ లోపలి సెల్ 25 డిగ్రీల దగ్గర ఉండాలి, దాని మీద చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురు పడాలి. మే నెల మధ్యాహ్నం మన మేడల మీద ప్యానెల్ 60 డిగ్రీలకు చేరుతుంది. డిగ్రీకి దాదాపు 0.35 శాతం చొప్పున దిగుబడి తగ్గుతుంది కాబట్టి 12 శాతం అక్కడే ఆవిరి. ఎండ మండితే కరెంటు ఎక్కువ వస్తుందనుకునేవాళ్లు ఇది గమనించాలి. ప్యానెల్‌కు కావాల్సింది వెలుతురు, వేడి కాదు. ఆపైన ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్, వైర్లు, దుమ్ము ఎవరి వాటా వాళ్లు తీసుకుంటారు. విశాఖలో ఏడాది సగటున కిలోవాట్‌కు రోజుకు 4 యూనిట్లు అనుకోండి. మీకు 12 అన్నమాట. వేసవిలో 14 చూస్తారు, జులైలో 9, ముసురు పట్టిన రోజు 3 వచ్చినా కంగారు పడకండి.

కొత్త ప్యానెళ్లకు అడ్వాన్సు ఇచ్చేముందు ఒకసారి మధ్యాహ్నం మూడింటికి మేడెక్కండి. నీళ్ల ట్యాంకు నీడ ఎటు పడుతోందో చూడండి. ఒక ప్యానెల్ మూలకు నీడ తగిలినా దాంతో వరసగా కలిపినవాటి దిగుబడి కూడా పడిపోవచ్చు. తర్వాత అద్దం మీద వేలితో గీయండి. బీచ్ దగ్గరి ఇళ్లలో ఉప్పు జిడ్డు తగులుతుంది, పోర్టు వైపు ఇళ్లలో వేలు నల్లగా వస్తుంది. పొద్దున్నే, అద్దం చల్లగా ఉన్నప్పుడు మామూలు నీళ్లతో కడిగేయండి.

ఇక ఎన్ని కిలోవాట్లు కావాలన్నది అమ్మేవాళ్లను అడగొద్దు, మీ కరెంటు బిల్లుల్ని అడగండి. సోలార్ పెట్టకముందటి ఈపీడీసీఎల్ బిల్లులు పన్నెండు తీసి యూనిట్లు కూడి, ఒక కిలోవాట్ ఏడాదికి ఇచ్చే దాదాపు 1400 యూనిట్లతో భాగించండి. ఏడాదికి 3600 యూనిట్లు కాలిస్తే రెండున్నర పైచిలుకు వస్తుంది, 3 కిలోవాట్లు చాలు. పైగా పీఎం సూర్యఘర్ కింద కేంద్రం ఇచ్చే సబ్సిడీ 3 కిలోవాట్లకు 78,000 రూపాయల దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత వేసే ప్రతి కిలోవాట్ పూర్తిగా మీ జేబులోంచే.

ఉత్తరంతో పాటు యాప్ స్క్రీన్‌షాట్ కూడా పంపారు. అది చూశాక 9 యూనిట్ల సంగతి మర్చిపోయాను. పైన కనిపిస్తున్న ఖాతా పేరు మీది కాదు, సోలార్ పెట్టినవాళ్లది! మీకు ఇచ్చింది వాళ్ల ఖాతాలో ఒక మూల. మీ ఇల్లు మ్యాప్‌లో ఎక్కడుందో, ఏ గంటకు ఎంత కరెంటు తయారైందో వాళ్లకు, వాళ్ల దగ్గర పనిచేసి మానేసిన కుర్రాళ్లకు కూడా కనిపిస్తూ ఉండొచ్చు. సంక్రాంతికి తాళం వేసి ఊరెళ్తే వీధిలో ఎవరికీ చెప్పం. వాడకం కూడా కొలిచే మీటరు పెట్టిన ఇళ్లలో ఆ సంగతి గ్రాఫే చెప్పేస్తుంది.

అంతకంటే నన్ను భయపెట్టేది ఇన్వర్టర్ కింద వేలాడుతూ దాని లెక్కల్ని యాప్‌కు పంపే వేలెడంత వైఫై డాంగిల్. మొన్న సీతమ్మధారలో మా మావయ్య ఇంటికి వెళ్లాను. గేటు బయట నిలబడి ఫోన్‌లో వైఫై జాబితా తెరిస్తే ఒకే అక్షరాలతో మొదలై వెనక సీరియల్ నంబరున్న పేర్లు మూడు కనిపించాయి. వాటిలో ఒకటి మావయ్యది. ఆయన్ని అడిగి 12345678 కొట్టాను. తెరుచుకుంది. చెప్పుల స్టాండు పక్కన నిలబడి ఆయన ఇన్వర్టర్ ఆపేసే మీట దాకా వెళ్లాను. గ్రిడ్ వోల్టేజీ పరిమితులు మార్చే పేజీకి కూడా తాళం లేదు. పెట్టినతనికి ఫోన్ చేస్తే, "పాస్‌వర్డ్ మారిస్తే సర్వీసుకు ఇబ్బందండీ. అందరికీ ఇదే పెడతాం" అన్నాడు. అందరికీ ఇదే పెట్టడమే కదా నాయనా జబ్బు!

ఇది మన వీధి గొడవే కాదు. ఒక పెద్ద సోలార్ నిర్వహణ వేదికలో ఎవరి ఖాతానైనా చేజిక్కించుకునే లోపం ఉందని 2024లో భద్రతా పరిశోధకులు బయటపెట్టారు. ఒక ఇల్లు ఆగితే ఆ ఇంటికే నష్టం. వేల ఇన్వర్టర్లు ఒకేసారి ఆగితే సబ్‌స్టేషన్ దాకా వణుకుతుంది.

కాబట్టి ఈ వారమే ఖాతా మీ ఈమెయిల్ మీదకు మార్పించుకోండి. పెట్టినవాళ్లకు చూసే అనుమతి చాలు. డాంగిల్ పాస్‌వర్డ్ మార్చి, ఇంటి రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్‌కు, అంటే మీ ఫోన్లు, కంప్యూటర్లు లేని విడి వైఫైకి కలపండి. వాళ్లు కుదరదంటే డాంగిల్ పీకేయండి. వైఫై లేకపోయినా కరెంటు తయారవుతూనే ఉంటుంది. అయితే ఇన్వర్టర్‌కు స్క్రీన్ లేకపోతే ఎన్ని యూనిట్లు వచ్చాయో తెలుసుకోవడం కష్టం. ఇదో దరిద్రం. పదేళ్ల క్రితం పెట్టెల మీద రెండు లైన్ల డిస్‌ప్లే ఉండేది. ఇప్పుడు చాలా వాటిలో అది తీసేసి ఒక లైటు మిగిల్చారు. మన మేడ మీది అంకె చూడటానికి ఎక్కడో ఉన్న సర్వర్ దయ ఉండాలి. దానికి యాప్ లొకేషన్ అడుగుతుంది, కాంటాక్టులూ అడుగుతుంది. సూర్యుడికి నా ఫోన్‌బుక్కుతో పనేంటో!

మధురవాడ నుంచి ఇంకో ఉత్తరం: "5 కేవీఏ జనరేటర్ కొన్నాం. ఏసీ, ఫ్రిజ్ నడుస్తాయి. ఒకటిన్నర హెచ్‌పీ బోరు మోటారు వేయగానే ట్రిప్ అవుతోంది."

5 కేవీఏ అంటే 5 కిలోవాట్లు కాదు, మామూలుగా 4. మోటారు తిరుగుతున్నప్పుడు ఒకటిన్నర కిలోవాట్ల దాకానే తింటుంది గానీ, లేచేటప్పుడు ఆ క్షణానికి ఐదారు రెట్లు లాగుతుంది. మిగతావన్నీ ఆపి మోటారు ఒక్కటే వేసి చూడండి. అప్పుడూ లేవకపోతే మోటారును మెల్లగా లేపే సాఫ్ట్ స్టార్టర్ పెట్టించండి. అంతేగానీ మోటారు కోసం 10 కేవీఏ కొనకండి. డీజిల్ జనరేటర్‌ను నెలల తరబడి పావు లోడు మీద నడిపితే కాలని డీజిల్, మసి పొగగొట్టంలో పేరుకుంటాయి.

గాజువాక పాఠకుడు ఒక్క ముక్కలో అడిగారు: "కరెంటు పోతే ఎండ ఉన్నా సోలార్ ఎందుకు ఆగుతోంది? జనరేటర్ వైరు గోడ సాకెట్‌లో పెడితే ఇల్లంతా వెలుగుతుందంటున్నారు, నిజమేనా?"

వీధి లైనుతో కలిసి నడిచే, బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ కావాలనే ఆగుతుంది. కరెంటు లేదనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మీ మేడ మీది కరెంటు తగలకూడదు కదా. రెండు చివరలా పిన్నులున్న వైరుతో జనరేటర్‌ను సాకెట్‌లో పెట్టడమంటే సరిగ్గా ఆ పనే చేయడం. మీ 230 వోల్టులు వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి తిరగబడి ఎక్కి, అవతల 11 వేల వోల్టుల లైనులోకి పోతాయి. ఇల్లు వెలుగుతుంది, నిజమే. ఆ వైరు ఇప్పుడే కత్తిరించి పారేయండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, వీధి కరెంటు, జనరేటర్ ఎప్పుడూ కలవకుండా చూసే చేంజోవర్ స్విచ్ పెట్టించండి. జనరేటర్‌ను బాల్కనీలోనో మెట్ల కిందో కాదు, ఆరుబయట పెట్టండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

"మళ్లీ హుద్‌హుద్ లాంటిది వస్తే?" అని ఆయనే చివర్లో అడిగారు. 2014 అక్టోబరు 12 చూసినవాళ్లు ఇంకా ఆ లెక్కతోనే జనరేటర్లు కొంటున్నారు. నాలుగు ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్, ఫోన్లు కలిపినా నడిచేటప్పుడు 600 వాట్లు దాటవు. ఫ్రిజ్ లేచేటప్పటి లాగుడుకు కాస్త వెసులుబాటు వేసుకున్నా 2 కేవీఏ సరిపోతుంది. అప్పట్లో బంకుల ముందు క్యూలు గుర్తున్నాయిగా, చిన్న జనరేటరైతే తాగేదీ తక్కువే. ఇక బోరు మోటారంటారా, తుపాను హెచ్చరిక రాగానే, కరెంటు ఉండగానే ట్యాంకు నింపేసుకోండి.