పాఠకుల ప్రశ్నలు: ఊరి మాజీ సైనికుల పేర్లు

ఈ నెల బెంగళూరు పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాలలో మూడు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. అందువల్ల మిగిలినవాటిని వచ్చే సంచికకు ఉంచి, ఈసారి చోటంతా ఈ మూడింటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లాలో ఒక చిన్న పట్టణం. ఉద్యోగాల కోసం వచ్చి మారతహళ్ళి, కె.ఆర్. పురం ప్రాంతాలలో స్థిరపడిన మా ఊరి కుటుంబాలు నలభై దాకా ఉన్నాయి. మా తాతల కాలం నుంచీ మా ఊరివాళ్ళు చాలామంది మిలట్రీలో చేరారు. వారి గౌరవార్థం బస్టాండు కూడలిలో ఒక సైనికుడి విగ్రహం నిలబెట్టాలని, ఆవిష్కరణ రోజున బతికి ఉన్న మాజీ సైనికులందరికీ శాలువాలు కప్పి సత్కరించాలని అనుకుంటున్నాము. ఈ పని ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒక పాఠకుడు, మారతహళ్ళి)

జవాబు: విగ్రహంతో మాత్రం మొదలుపెట్టకండి. రోడ్ల మీద, కాలిబాటల మీద, ఇతర ప్రజోపయోగ స్థలాలలో కొత్తగా విగ్రహాలకు గానీ కట్టడాలకు గానీ అనుమతి ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశించింది. ఆ తరువాత కూడా కూడళ్ళలో విగ్రహాలు లేస్తూనే ఉన్నాయి కదా అని మీరు అనవచ్చు. లేస్తున్న మాట నిజమే గానీ, జీవితమంతా ఆజ్ఞకు కట్టుబడి బతికినవారి పేరు మీద చేసే పనిని ఆజ్ఞ దాటి చేయడం నాకు సబబుగా తోచదు. ఇంకో సంగతి కూడా ఉంది. తుపాకీ పట్టుకొని నిలబడిన సిమెంటు బొమ్మ ఏ ఊళ్ళో పెట్టినా ఒక్కలాగే ఉంటుంది, దాని ముఖం మీ ఊళ్ళో ఎవరి ముఖమూ కాదు. మీ ఊరిది అని చెప్పుకోదగినవి మీవాళ్ళ పేర్లు. అందుచేత విగ్రహానికి బదులు ఆ పేర్లు చెక్కిన రాతి పలక ఒకటి పెట్టండి. దానికి మొదట చేయవలసిన పని పేర్ల జాబితా.

వీలైతే ఒక ఆదివారం మీ సంఘంవాళ్ళంతా కలిసి బేగూరు వెళ్ళి, నాగేశ్వరాలయంలో ఉన్న శాసనాన్ని చూసి రండి. క్రీ.శ. 890 ప్రాంతానికి చెందిన ఆ హళగన్నడ (పాత కన్నడ) శాసనం, గంగ వంశపు రాజుల సామంతుడైన నాగత్తరుడి మనిషి ఒకడు బెంగళూరు యుద్ధంలో చనిపోయాడని చెబుతుంది. ఇంత పెద్ద నగరం పేరుకు దొరికిన అతి పాత ఆధారం ఒక పోరాటంలో పోయిన మనిషి కోసం చెక్కించిన రాయి. దీనికి పక్కన మరొక రకం రాళ్ళను పెట్టి చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత బ్రిటిష్ ప్రభుత్వం దేశంలో ఎన్నో ఊళ్ళలో చిన్న పాలరాతి పలకలు పెట్టించింది. ఈ గ్రామం నుంచి 1914–1919 మహాయుద్ధానికి ఇంతమంది వెళ్ళారు, వారిలో ఇంతమంది ప్రాణాలు విడిచారు అని ఇంగ్లీషులో రెండు మూడు పంక్తులు, అంతే. అంకె ఉంటుంది, పేరు ఉండదు. ఆ వెళ్ళినవాళ్ళు ఎవరో ఈనాడు ఆ ఊరివాళ్ళకే తెలియదు. రెండు ప్రపంచ యుద్ధాల మృతుల సమాధులను చూసే కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం కూడా, భారతీయులతో సహా ఆసియా, ఆఫ్రికా సైనికులలో ఎందరినో తెల్లవారితో సమానంగా పేరు పేరునా స్మరించలేదని 2021లో ఒప్పుకొని క్షమాపణ చెప్పింది. మీ పలక ఈ రెండో రకంలో చేరకూడదు.

జాబితాకు నలుగురు కూర్చొని గుర్తు చేసుకుంటే చాలదు, ఇల్లిల్లూ తిరగాలి. సైనికుడు లేకపోయినా చాలా ఇళ్ళలో అటక మీద అతని ట్రంకు పెట్టె ఉంటుంది. మా నాన్నగారు సైన్యంలో వంతెనలు, దారులు వేసే ఇంజనీరింగ్ దళమైన మద్రాస్ సాపర్స్‌లో పనిచేశారు. ఆయన నల్ల పెట్టె మూత మీద తెల్ల రంగుతో నంబరు, ర్యాంకు, పేరు రాసి ఉండేవి. రంగు పెచ్చులూడి పేరులో సగమే మిగిలింది. లోపల కలరా ఉండల వాసన మధ్య, చుట్టూ రబ్బరు బ్యాండు వేసిన ప్లాస్టిక్ కవరులో, సర్వీసు ముగిసినప్పుడు సైన్యం ఇచ్చే డిశ్చార్జ్ బుక్కు ఉండేది. ఏ యూనిట్‌లో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ పనిలో ఉన్నారు, ఏ పతకాలు వచ్చాయి అన్నవన్నీ ఆ చిన్న పుస్తకంలోనే ఉంటాయి. మా ఇంటిపేరు పెట్టె మీద ఒక విధంగా, పుస్తకంలో మరొక విధంగా, పింఛను కాగితంలో ఇంకొక విధంగా ఉంది. పలక చెక్కేవాడికి కాగితం ఇచ్చేముందు, ఏ పేరు ఎలా రాయాలో ఆ కుటుంబం చేతనే తెలుగులో రాయించి సంతకం తీసుకోండి.

డిశ్చార్జ్ బుక్కు చెదలు తినేసిన ఇళ్ళలో పతకాలు సాక్ష్యం చెబుతాయి. స్వాతంత్ర్యం తరువాతి పతకాల అంచు మీద సాధారణంగా నంబరు, పేరు చెక్కి ఉంటాయి. భూతద్దం, మంచి వెలుతురు ఉంటే చదవవచ్చు. సమర సేవా స్టార్ ఉంటే 1965 యుద్ధంలో పోరు జరిగిన ప్రాంతంలో ఉన్నట్టు, ఒక్క రక్షా మెడల్ మాత్రమే ఉంటే ఆ కాలంలో సర్వీసులో ఉన్నట్టు. 1971 యుద్ధంలో తూర్పు వైపు పనిచేసినవారికి పూర్వీ స్టార్, పడమటి వైపు పనిచేసినవారికి పశ్చిమీ స్టార్ ఇచ్చారు. సంగ్రామ్ మెడల్ ఆ యుద్ధకాలపు సర్వీసుకు ఇచ్చినది. "మా తాత బంగ్లాదేశ్ యుద్ధం చేశాడు" అని మనుమడు చెప్పినప్పుడు పెట్టెలో పశ్చిమీ స్టార్ కనిపిస్తే, ఆయన బహుశా పంజాబు, రాజస్థాన్ వైపు సరిహద్దుల్లో ఉన్నారని గ్రహించాలి. దానివల్ల ఆయన గౌరవం కొంచెమైనా తగ్గదు, పలక మీద తప్పు మాత్రం తప్పుతుంది.

కాగితమూ లేక, పతకమూ లేకపోతే ఆ సైనికుడి విభాగానికి చెందిన రికార్డ్స్ ఆఫీసుకు రాయాలి. మద్రాస్ సాపర్స్ వివరాలు ఇక్కడే, హలసూరు చెరువు పక్కనున్న వారి కేంద్రంలో ఉంటాయి. మద్రాస్ రెజిమెంట్‌కు నీలగిరుల్లోని వెల్లింగ్టన్, వాహనాలు, ఆయుధాల మరమ్మతు చూసే ఈఎంఈకి సికిందరాబాద్, సమాచార విభాగమైన సిగ్నల్స్‌కు జబల్‌పూర్. ఊరి సంఘం పేరుతో రాస్తే జవాబు రాకపోవచ్చు కనుక సైనికుడి చేతనో, ఆయన భార్యాపిల్లల చేతనో రాయించండి. యుద్ధంలో మరణించినవారి విషయం దీనికంటే సులువు. రెండు ప్రపంచ యుద్ధాల మృతుల పేర్లను నేను పైన చెప్పిన కామన్వెల్త్ సంఘం వెబ్‌సైటులో ఉచితంగా వెతకవచ్చు. చెన్నై నందంబాక్కంలో వారు నిర్వహించే శ్మశానవాటికలో మొదటి యుద్ధకాలపు మృతుల పేర్లు వెయ్యికి పైగా చెక్కిన స్మారకం ఉంది, చిత్తూరు నుంచి పొద్దున్నే బయలుదేరితే చూసి రాత్రికి ఇల్లు చేరవచ్చు. స్వాతంత్ర్యం తరువాత ప్రాణాలిచ్చిన 25 వేలమందికి పైగా సైనికుల పేర్లు 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం మీద ఉన్నాయి.

ఒక జాగ్రత్త. వివరాలు సేకరించే కుర్రవాళ్ళు పీపీఓ (పింఛను మంజూరు పత్రం), ఆధార్, బ్యాంకు పుస్తకం ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. పింఛనుదారులను ఫోన్లలో మోసగించేవాళ్ళకు కావలసింది ఆ కాగితాలే.

ఎవరిని చేర్చాలన్న తగవు తప్పక వస్తుంది. వంటవాడిగా, డ్రైవరుగా, గుమాస్తాగా చేసినవారి పేర్లు ఎందుకని ఎవరో ఒకరు అడుగుతారు. చేర్చండి. సియాచిన్‌లో అన్నం వండిన చేతికీ, తుపాకీ పట్టిన చేతికీ చలి ఒక్కటే. బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్‌లలో చేసినవారు నిబంధనల ప్రకారం మాజీ సైనికుల కిందికి రారు గానీ, మీ ఊరి పలకకు ఆ నిబంధన అక్కరలేదు, వేరే శీర్షిక కింద వేయండి. పేర్లను ర్యాంకు వారీగా కాకుండా అక్షర క్రమంలో పెట్టండి. ఆనరరీ కెప్టెన్ కింద సిపాయి పేరు ఎప్పటికీ అడుగున ఉండిపోయే ఏర్పాటు ఊళ్ళో బాగుండదు.

పలకను బడి ఆవరణలోనో, మునిసిపాలిటీ తీర్మానం చేసి ఇచ్చిన స్థలంలోనో పెట్టవచ్చు. 2023లో 'మేరీ మాటీ మేరా దేశ్' కార్యక్రమం కింద పంచాయతీలలో శిలాఫలకాలు వేశారు. మీ చుట్టుపక్కల అటువంటిది ఉందేమో, దాని మీద ఎవరి పేర్లున్నాయో ముందు చూడండి. రాయి విషయంలో, మెరిసే చుక్కలున్న చీమకుర్తి గ్రానైటు మీద మోజు పడకండి. వంటగది గట్టుకు అది అందమే గానీ, ఎండలో ఆ మెరుపుల మధ్య అక్షరం కనపడదు. రంగు పూసిన అక్షరాలు కాక లోతుగా చెక్కిన అక్షరాలు వేయించి, కింద మూడో వంతు ఖాళీగా వదలండి. ఆవిష్కరణ జరిగిన మర్నాడే "మా మామయ్యను మరిచారే" అంటూ ఒకరు వస్తారు.

సత్కారానికి జనవరి 14 మంచి రోజు. ఫీల్డ్ మార్షల్ కరియప్ప 1953లో అదే తేదీన పదవీ విరమణ చేసినందున ఆ రోజును మాజీ సైనికుల దినంగా జరుపుతున్నారు. సంక్రాంతికి బెంగళూరు నుంచి మీరంతా ఎలాగూ ఊళ్ళోనే ఉంటారు. శాలువాలు కప్పండి, తప్పులేదు. అయితే ఎనభై ఏళ్ళ మనిషిని ఎండలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, రాని నాయకుడి కోసం రెండు గంటలు ఎదురు చూసే సభలు నేను చాలా చూశాను. మీ సభలో వేదిక మీద వాళ్ళను కూర్చోబెట్టి, నాయకులను ఎదురుగా కూర్చోబెట్టండి.

ప్రశ్న: మా ఊళ్ళో ఇటువంటి కార్యక్రమమే జరుగుతోంది. మా అమ్మకు సత్కార పత్రం ఇస్తామంటున్నారు. నాన్న పోయి ఏడాది దాటినా, ఆయన మిలట్రీ కాగితాలలో అమ్మ పేరు వేరుగా ఉండడం వల్ల ఫ్యామిలీ పెన్షన్ ఇంకా రాలేదు. ఆ సంఘంవాళ్ళను ఈ సహాయం అడగడం సభ్యతేనా? (ఒక పాఠకురాలు, హొరమావు)

జవాబు: నిస్సంకోచంగా అడగండి. సత్కార పత్రం కంటే ముందు ఆ సంఘం చేయవలసిన పని అదే. సర్వీసులో ఉండగా సైనికుడి పెళ్ళి, పిల్లల పుట్టుక వంటివి పార్ట్ టూ ఆర్డరు అనే సైనిక ఉత్తర్వులో నమోదవుతాయి. ఆనాడు గుమాస్తా విన్నట్టుగా రాసిన పేరు, ఆధార్‌లో ఉన్న పేరు కలవకపోవడం మన తెలుగువారిలో మరీ ఎక్కువ, ఇంటిపేరు ఎక్కడ పెట్టాలో ఉత్తరాది గుమాస్తాకు తెలియదు కదా. ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్ చేయించి, దానితో పాటు మరణ ధృవపత్రం, డిశ్చార్జ్ బుక్కు, పీపీఓ నకళ్ళు జతచేసి, మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డ్స్ ఆఫీసుకు పంపించాలి. అక్కడ సరిచేసిన తరువాతే పింఛను చూసే 'స్పర్శ్' విధానంలో మార్పు జరుగుతుంది. అమ్మగారి పేరు ఈసీహెచ్ఎస్ వైద్య పథకంలో ఎలా ఉందో కూడా అదే ఊపులో సరిచూడండి.

పింఛను అర్హత రాకుండానే బయటికి వచ్చిన వృద్ధుల గురించి కూడా మీ ఊరి సంఘానికి చెప్పండి. పింఛను లేని, హవల్దార్ లేదా అంతకు లోపు ర్యాంకులో చేసి 65 ఏళ్ళు దాటిన మాజీ సైనికులకు, అటువంటివారి వితంతువులకు కేంద్రీయ సైనిక్ బోర్డు నెలకు ఇంత చొప్పున ఆర్థిక సహాయం ఇస్తుంది, దరఖాస్తు జిల్లా కార్యాలయంలోనే. జాబితా కోసం ఇల్లిల్లూ తిరిగేవారు ఈ ఒక్క ప్రశ్న కూడా అడిగి రాసుకుంటే, ఊళ్ళో ఇద్దరు ముగ్గురికైనా మందుల ఖర్చు వెళ్ళిపోతుంది.

ప్రశ్న: మా నాన్నగారు 1987 తరువాత శాంతి దళంతో శ్రీలంకలో ఉన్నారు. ఊరివాళ్ళు ఆయన అనుభవాలు రికార్డు చేస్తామంటే లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఆయన చేత ఎలా చెప్పించాలి? (ఒక పాఠకురాలు, బనశంకరి)

జవాబు: చెప్పించకండి. పలక మీద పేరు వేయడానికి ఆయన అనుమతి ఇస్తే అది చాలు. కెమెరా పెట్టి "ఎంతమందిని చంపారు?" అని అడిగే కుర్రవాళ్ళ నుంచి ఆయనను మీరే కాపాడాలి. విదేశ్ సేవా మెడల్ మీద శ్రీలంక అని రాసిన చిన్న పట్టీ ఆయన దగ్గర ఉండి ఉంటుంది. ఎప్పుడైనా పెట్టె సర్దుతున్నప్పుడు దాన్ని తుడిచి చేతిలో పెట్టి, పక్క మంచం మీద ఎవరు పడుకునేవారు, టీ ఎవరు పెట్టేవారు అని మాత్రం అడిగి చూడండి. అదే పటాలంలో పనిచేసిన పాత స్నేహితుడు ఇంటికి వస్తే, వాళ్ళిద్దరినీ వదిలేసి మీరు వంటింట్లోకి వెళ్ళండి.

మా నాన్నగారు యుద్ధం మాట ఎత్తేవారు కాదు. ఒకసారి కరెంటు పోయిన రాత్రి వంతెనల గురించి చెప్పారు. విడిభాగాలు బిగించి వేసే బెయిలీ ఇనుప వంతెన పలకను ఎత్తడానికి ఆరుగురు కావాలట. తనతో కలిపి ఆ ఆరుగురి పేర్లూ, ఊళ్ళూ వరసగా చెప్పారు. పొద్దున లేచి కాగితం తీసుకునేసరికి నాకు నాలుగే గుర్తున్నాయి.