గొట్టం పురుగుల ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు

తల్లీ,

గొట్టాల్లో బతికే సముద్రపు పురుగుల మీదే ప్రాజెక్టు తీసుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, ఎంత సంతోషం వేసిందో. చెన్నైలో ఉన్నదానివి, దూరం పోనక్కర్లేదు, కాసిమేడులో ఒడ్డుకు లాగిన పడవల అడుగు చూడు, మెలికలు తిరిగిన తెల్లటి గొట్టాలు కనిపిస్తాయి.

ఒక్క మాట గట్టిగా చెప్తాను, గొట్టం చూసి పేరు పెట్టేయకు. అది నిన్ను కుటుంబం గుమ్మం దాకా తీసుకెళ్తుంది, అంతే. గట్టి సున్నపు గొట్టమైతే సెర్పులిడే, బురదా జిగురూ కలిసిన మెత్తటిదైతే సబెల్లిడే, ఇసుక రేణువులు అతికించి రాళ్ల మీద గుంపుగా కట్టినదైతే సబెల్లారీడే అనుకోవచ్చు. కానీ వర్మెటిడ్ నత్తలు కూడా ఇలాంటి సున్నపు గొట్టాలే కడతాయి. అనుమానమొస్తే విరిచి చూడు, నత్తదైతే లోపలి గోడ నున్నగా మెరుస్తుంది.

పురుగును తల పట్టి లాగకు, ఈకల కిరీటం ఊడి చేతికొస్తుంది, ఒళ్లు లోపలే ఉండిపోతుంది. లీటరు మంచినీటికి 75 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ కలిపి అందులో ఉంచితే ఒళ్లు సడలుతుంది, అప్పుడు వెనక కొస నుంచి గొట్టాన్ని సూదితో చిట్లించుకుంటూ రా. ఫార్మలిన్‌లో గట్టిపడగానే 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చు, లేకపోతే ఫార్మలిన్‌లోని ఆమ్లం సున్నాన్ని తినేస్తుంది. డీఎన్ఏ కోసం ఉంచేవాటికి అసలు ఫార్మలిన్ తగలనివ్వకు.

ఇక మైక్రోస్కోప్ కింద ముందు మూత చూడు. సెర్పులిడ్‌లలో కిరీటంలోని ఒక ఈకే మూతగా మారుతుంది. వాటిలోని హైడ్రాయిడిస్ అనే ప్రజాతిలో అది రెండంతస్తులు, కింద గరాటు, పైన ముళ్ల వలయం, ఆ ముళ్ల ఆకారాన్ని బట్టే చాలావరకు జాతి తేలుతుంది. పక్కనే చిన్న మొగ్గలాంటిది ఉంటుంది చూడు, మూత తెగిపోతే అది పెరిగి కొత్త మూత అవుతుంది, కాబట్టి సగం పెరిగిన మూత కనిపించిందని కొత్త జాతి అనుకుని సంబరపడకు. సబెల్లారీడేలో మూత ఈక నుంచి రాదు, బంగారు రంగు శూకాలతో, అంటే ఒంటి మీది బిరుసు వెంట్రుకల్లాంటివాటితో ఏర్పడుతుంది.

తర్వాత ఓపిగ్గా శూకాలు చూడు. ఉరోభాగంలో సన్నటి శూకాలు పైన, గొట్టం గోడను పట్టుకునే కొక్కేలు కింద ఉంటాయి, ఉదరంలోకి వచ్చేసరికి ఇది తలకిందులవుతుంది. ఎక్కడ మారిందో లెక్కపెట్టు, హైడ్రాయిడిస్ ఉరంలో శూకాలున్న ఖండితాలు (ఒంటి వలయాలు) 7, సబెల్లిడ్‌లలో మామూలుగా 8.

తోక తెగిందని ఊరుకోకు, ఇంకో పురుగు తియ్యి. పోగొనోఫోరాలనే లోతు సముద్రపు గొట్టం పురుగులను చాలాకాలం విడి వర్గంగా ఉంచారంటే కారణం వాటి వెనక కొస దొరక్కపోవడమే. 1964లో ఖండితాలూ శూకాలూ ఉన్న ఆ కొస గురించి రాశాకే కథ మారడం మొదలైంది, ఇప్పుడవి ఖండితాలున్న పురుగుల వర్గమైన అనెలిడాలో సిబోగ్లినిడే కుటుంబం. నోరూ పేగూ లేకుండా లోపలి బాక్టీరియా మీద బతికే రిఫ్టియా అనే పెద్ద గొట్టం పురుగు కూడా ఇందులోదే.

పాత జాబితాల్లోని పేర్లు అలాగే ఎత్తి రాయకు. మన తీరాల్లో పొమాటోలియోస్ క్రౌసై అని రాస్తూ వచ్చిన సెర్పులిడ్‌ను ఇప్పుడు స్పైరోబ్రాంకస్ ప్రజాతిలో కలిపారు, అసలు క్రౌసై దక్షిణాఫ్రికాది. ప్రజాతి దాకే తేలితే అక్కడే ఆగి ‘ఎస్పీ’ (జాతి తేలలేదని గుర్తు) అని రాయి, గైడ్‌గారు ఒత్తిడి చేసినా సరే. స్లైడ్లు సిద్ధమయ్యాక మూత ఫొటోలు పక్క నుంచీ పై నుంచీ తీసి నాకు పంపు.

మీ మామయ్య