ట్రెగ్ కణాలపై పీహెచ్‌డీనా, ఏడాది డిప్లొమానా?

ప్రశ్న: మాది బెంగళూరు, మారతహళ్లి. మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరం. రోగనిరోధక వ్యవస్థలోని రెగ్యులేటరీ టీ కణాల (ట్రెగ్) మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఏడాది సెల్ థెరపీ డిప్లొమా చేస్తే వెంటనే ఉద్యోగమని ఒక సంస్థ చెబుతోంది. ఫీజు నాలుగు లక్షలు. పీహెచ్‌డీ అయ్యేసరికి పెళ్లి వయసు దాటుతుందని వాళ్లమ్మ బెంగ. ఏది మేలు?

జవాబు: 2025 వైద్య నోబెల్ ఈ కణాల పరిశోధనకు వచ్చాక ఇలాంటి ప్రశ్నలు చాలా వస్తున్నాయి. అయితే ఆ నోబెల్ పంచుకున్న ముగ్గురిలో సకగుచి ఈ కణాలను గుర్తించింది 1995లో. మిగతా ఇద్దరు, బ్రంకో, రామ్స్‌డెల్, శరీరం తన మీద తానే దాడి చేసుకునే జబ్బులో ఫాక్స్‌పీ3 జన్యువు పాత్రను తేల్చింది 2001లో. ఇంత నిదానంగా సాగే రంగంలో ఏడాదికే ఉద్యోగం ఖాయమంటే నేను నమ్మను.

శరీరం తన మీద తానే దాడి చేసుకోకుండా ఆపేవి ఈ కణాలు. రోగి రక్తంలోంచి తీసి, పెంచి, తిరిగి ఎక్కిస్తే టైప్-1 మధుమేహం వంటి జబ్బులు అదుపులోకి వస్తాయని ఆశ. కానీ రక్తంలో ఇవి తక్కువ. పెంచే క్రమంలో కొన్ని తమ పనికి కీలకమైన ఫాక్స్‌పీ3ని కోల్పోయి, కంచే చేను మేసినట్లు దాడికి దిగవచ్చు. అందుకే ఈ చికిత్సలు చాలావరకు క్లినికల్ ట్రయల్స్‌లోనే ఉన్నాయి. బెంగళూరులో ఇమ్యునీల్ వంటి సంస్థలు చేస్తున్నది రక్త క్యాన్సర్లకు కార్-టీ చికిత్స, అంటే టీ కణాలను మార్చి క్యాన్సర్ మీదికి పంపడం. అది వేరు. అక్కడైనా ఉద్యోగానికి చూసేది చేతిపని. కణాలను ఒక్కొక్కటిగా పరీక్షించే ఫ్లో సైటోమీటర్ యంత్రం మీద విద్యార్థి స్వయంగా ఎన్ని గంటలు పనిచేస్తుందో ఆ డిప్లొమా వాళ్లను అడగండి. బ్రోషర్ చూపిస్తే లేచి వచ్చేయండి.

ఇక మీతో ఒక మాట. ఫీజు రాశారు, పెళ్లి రాశారు. అమ్మాయికి ఈ కణాల మీద ఇష్టం ఎందుకు కలిగిందో ఒక్క ముక్క రాయలేదు. అడిగారా అసలు? ఇరవై ఏళ్ల పిల్ల ఆసక్తిని పెళ్లి ముహూర్తంతో కొలవడం అన్యాయం. పీహెచ్‌డీ అంటే మీ మీద ఆధారపడటం కాదు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే నెలకు 37,000 రూపాయలు, ఆపై ఇంటి అద్దె భత్యం. చదువుతూనే పెళ్లి చేసుకున్నవాళ్లూ ఎందరో ఉన్నారు. వాళ్లమ్మకు ఈ సంగతి నెమ్మదిగా చెప్పండి.

మీ బెంగళూరులోని పరిశోధన సంస్థలు ఐఐఎస్‌సీ, ఎన్‌సీబీఎస్‌లలో బీఎస్సీ తర్వాతే ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ (ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిపి) ఉంది. సీటు రాకపోతే ఎమ్మెస్సీ. ముందుగా ఈ వేసవిలో ఏదైనా ఇమ్యునాలజీ ల్యాబ్‌లో రెండు నెలలు పనిచేయనివ్వండి. ఆదివారం కూడా వెళ్లి కణాలకు మీడియా (అవి పెరిగే పోషక ద్రవం) మార్చి, సోమవారం అవి చచ్చిపోయి కనిపించినా మళ్లీ మొదలుపెట్టాలనిపిస్తే పీహెచ్‌డీకి పంపండి. అప్పటిదాకా ఆ నాలుగు లక్షలు బ్యాంకులోనే ఉంచండి.