పాఠకుల ప్రశ్నలు: మొదటి డోసు అంత నెమ్మదిగా ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి లింఫోమా క్యాన్సర్‌కు రిటుక్సిమాబ్ ఇస్తున్నారు. మొదటిసారి చాలా నెమ్మదిగా ఎక్కించారు, అయినా చలి, వణుకు వచ్చాయి. రెండోసారి ఏ ఇబ్బందీ లేదు, త్వరగానే అయిపోయింది. మందు అదే, మోతాదు అదే. తేడా దేనికండీ?

జవాబు: తేడా మందులో లేదు, ఒంట్లో ఉంది. రిటుక్సిమాబ్ అనే మోనోక్లోనల్ యాంటీబాడీ (ఒకే లక్ష్యాన్ని పట్టుకునేలా ల్యాబ్‌లో తయారుచేసిన ప్రొటీన్) బీ కణాలనే తెల్లరక్తకణాల పైనున్న సీడీ20 ప్రొటీన్‌ను పట్టుకుని, ఆ కణాలు చచ్చేలా చేస్తుంది. మొదటిసారి అలాంటి కణాలు లెక్కలేనన్ని ఉంటాయి. ఒక్కసారిగా చావడం మొదలైతే సైటోకైన్లు, అంటే రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టే రసాయనాలు, రక్తంలోకి వచ్చిపడతాయి. చలి, జ్వరం, బీపీ పడిపోవడం, ఆయాసం వాటివల్లే. ఎక్కువమందికి ఇది మొదటి రెండు గంటల్లోనే కనిపిస్తుంది. రెండోసారికి కణాలు బాగా తగ్గి ఉంటాయి గనుక ఆ ఉధృతీ తగ్గుతుంది.

వేగం లెక్క చూడండి. లింఫోమాలో మోతాదు చదరపు మీటరు శరీర ఉపరితలానికి 375 మి.గ్రా. 1.6 చదరపు మీటర్ల మనిషికి 600 మి.గ్రా. అవుతుంది. మొదటిసారి గంటకు 50 మి.గ్రా. వేగంతో మొదలుపెట్టి, ప్రతి అరగంటకూ మరో 50 పెంచుతారు. గంటకు 400 దాటనివ్వరు. ఏ ఆటంకం లేకపోతే మూడుంపావు గంటలు పడుతుంది. రెండోసారి 100తో మొదలుపెట్టి అరగంటకు 100 చొప్పున పెంచితే రెండుంపావు గంటల్లో పూర్తవుతుంది. చలి మొదలైతే ఆపేస్తారు, లక్షణాలు తగ్గాక సగం వేగంతో మళ్లీ పెడతారు. మీ నాన్నగారికి ఎక్కువసేపు పట్టింది బహుశా అందుకే.

ముందుగా పారాసిటమాల్, యాంటీహిస్టమిన్ ఇస్తారు. బీపీ మాత్రలు వాడేవాళ్లు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి; ఎక్కించే ముందు 12 గంటలు వాటిని ఆపమనవచ్చు. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. అన్నిటికన్నా ముఖ్యం హెపటైటిస్-బి పరీక్ష. లోపల నిద్రాణంగా ఉన్న వైరస్ ఈ మందు వాడాక తిరగబెట్టి కాలేయాన్ని దెబ్బతీయగలదు. అందుకే ఇప్పుడున్న ఇన్ఫెక్షన్‌ను చూపే హెచ్‌బీఎస్ యాంటిజెన్ ఒక్కటే చూస్తే చాలదు, ఎప్పుడో సోకినా గుర్తు చూపే యాంటీ-హెచ్‌బీసీ కూడా చూడాలి. రిపోర్టు ఫైల్లో ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: కొత్త మందును మొట్టమొదట మనిషికి ఎంత ఇవ్వాలో ఎలా తేలుస్తారు? జంతువుల్లో పరీక్షిస్తే సరిపోదా?

జవాబు: సరిపోదని 2006 మార్చిలో లండన్‌లో తేలింది. టీజీఎన్1412 అనే యాంటీబాడీని ఆరోగ్యవంతులైన ఆరుగురికి ఇచ్చారు. కిలోకు 0.1 మి.గ్రా. మాత్రమే, అంటే కోతులకు హాని చేయని మోతాదులో 500వ వంతు. అయినా గంటన్నరలోపే సైటోకైన్ల తుపాను మొదలై ఆరుగురికీ అవయవాలు దెబ్బతిన్నాయి. ఎవరూ చనిపోలేదు. ఆ యాంటీబాడీ టీ కణాలనే మరో రకం తెల్లరక్తకణాల మీది సీడీ28 ప్రొటీన్‌ను రెచ్చగొడుతుంది. కోతుల్లో ఆ పనికి స్పందించాల్సిన ఒక రకం టీ కణాల మీద సీడీ28 ఉండదు. అందుకే వాటికి ఏమీ కాలేదు!

పైగా ఆరుగురికీ కొద్ది నిమిషాల తేడాతో వరసగా ఇచ్చేశారు. మొదటివాడికి ఏమవుతుందో ఆగి చూసివుంటే మిగతావాళ్లు తప్పించుకునేవారు. ఇప్పుడు ఇలాంటి మందుల్లో ముందు ఒక్కరికే ఇచ్చి గమనిస్తారు. మోతాదు కూడా జంతువులు ఎంత తట్టుకున్నాయన్న దాన్నిబట్టి మాత్రమే కాదు, మనిషి కణాల మీద కనీస ప్రభావం ఎంతకు మొదలవుతుందన్న దాన్నిబట్టి లెక్కిస్తారు.

ప్రశ్న: కీళ్లవాతానికి వాడే అడాలిముమాబ్ ఇంజెక్షన్ పొరపాటున ఫ్రీజర్‌లో పెట్టాం. కరిగాక చూస్తే తేటగానే ఉంది. వాడొచ్చా?

జవాబు: వద్దు, పారేయాల్సిందే. ఇదీ యాంటీబాడీయే; గడ్డకట్టినప్పుడు ఆ ప్రొటీన్ విప్పుకుని ముద్దలు కట్టొచ్చు. అవి కంటికి ఆనకపోయినా, మందు మీదే రోగనిరోధక వ్యవస్థ తిరగబడేలా చేయగలవు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఫ్రిజ్ వెనక గోడకు తగలకుండా పెట్టండి, ఊపొద్దు. వాడేముందు 15 నుంచి 30 నిమిషాలు బయట ఉంచితే నొప్పి తగ్గుతుంది. వేడినీళ్లలో మాత్రం ముంచకండి.